డబ్బు కట్ అయింది, చేరలేదు: ఎవరి బాధ్యత?

కిరాణా కొట్టులో క్యూఆర్ స్కాన్ చేశారు. ఖాతాలో డబ్బు కట్ అయింది, కొట్టులో సౌండ్‌బాక్స్ మాత్రం మోగలేదు. ఇలాంటి చిక్కులకే రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరులో గడువులు పెట్టింది. వ్యాపారికి చేసిన యూపీఐ చెల్లింపు విఫలమైతే లావాదేవీ తేదీ తర్వాత 5 రోజుల్లో సొమ్ము తనంతట తానే వెనక్కి రావాలి. వ్యక్తుల మధ్య బదిలీకైతే 1 రోజే. దాటితే రోజుకు రూ.100 పరిహారం; ఖాతాదారు అడగనక్కర్లేదు.

మోసం జరిగితే 2017 జులై సర్క్యులర్ చూడాలి. తప్పు బ్యాంకుదీ ఖాతాదారుదీ కాక మూడో పక్షానిదైతే, 3 పనిదినాల్లో ఫిర్యాదు చేసినవారికి నష్టం సున్నా. 4 నుంచి 7 పనిదినాలైతే సాధారణ పొదుపు ఖాతాకు గరిష్ఠంగా రూ.10,000. లావాదేవీపై బ్యాంకు నుంచి సమాచారం అందిన రోజు ఈ లెక్కలోకి రాదు. నిరూపణ భారం బ్యాంకుదే. ఓటీపీ మనమే చెప్పేస్తే, బ్యాంకుకు తెలిపేదాకా నష్టం మనదే.

అమ్మకందారు సంగతి: రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం, వ్యాపారుల తరఫున చెల్లింపులు స్వీకరించే పేమెంట్ అగ్రిగేటర్లు వసూలు చేసిన సొమ్మును షెడ్యూల్డ్ వాణిజ్య బ్యాంకులోని ఎస్క్రో ఖాతాలో ఉంచాలి.

సైబర్ ఆర్థిక మోసాల హెల్ప్‌లైన్: 1930.