పట్టా తర్వాతి మూడేళ్లు

మేనకోడలికి,

డిగ్రీ పూర్తి చేసినవాళ్లు ఆ తర్వాత ఏమవుతున్నారన్న ప్రశ్నకు కాలేజీ కరపత్రాల్లో దొరికే జవాబు ఒక్కటే: ప్లేస్‌మెంట్ శాతం. అది చివరి సెమిస్టర్ నాటి లెక్క. పట్టభద్రుల జీవితం ఒక దారిన పడేది ఆ తర్వాతి మూడు నాలుగేళ్లలో. అజీమ్ ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం 2023లో వెలువరించిన ఉపాధి నివేదిక ఈ సంగతిని అంకెల్లో చూపింది. 2021-22లో దేశంలో 25 ఏళ్లలోపు పట్టభద్రుల్లో నిరుద్యోగం 42 శాతం దాటింది. 25 నుంచి 29 ఏళ్లవారిలో అది సుమారు 23 శాతం, 30 నుంచి 34 ఏళ్లవారిలో పది శాతంలోపు. 35 దాటినవారిలో ఐదు శాతం కూడా లేదు. అంటే చాలామందికి చివరికి ఏదో ఒక పని దొరుకుతోంది. ఆ పని చదివిన చదువుకు తగినదేనా, ఎదురుచూసి విసిగి దొరికినదానిలో చేరిపోయారా అన్నది మాత్రం ఈ అంకెలు చెప్పవు. చదువు ముగిసిన విద్యార్థికి అసలు ముఖ్యమైన ప్రశ్న అదే.

నిరుద్యోగ శాతాన్ని ఎలా లెక్కిస్తారో కూడా తెలిసి ఉండాలి. పని చేస్తున్నవారిని, పని కోసం వెతుకుతున్నవారిని కలిపి, అందులో వెతుకుతున్నవారి వంతు ఎంతో చూస్తారు. పైచదువుల్లో ఉన్నవారు, పెళ్లయి ఇంట్లో ఉండి ఉద్యోగం వెతకడం మానేసినవారు ఈ లెక్కలోకే రారు. తెలుగు రాష్ట్రాల పీజీ తరగతుల్లో అమ్మాయిల సంఖ్య ఎక్కువ. ఎమ్మెస్సీ చేసి ఇంట్లో ఉండిపోయిన అమ్మాయి ఏ నిరుద్యోగ పట్టికలోనూ కనిపించదు.

మరో సంగతి, మన దగ్గర డిగ్రీ అరుదైన వస్తువు కాదు. 2021-22 అఖిల భారత ఉన్నత విద్యా సర్వే ప్రకారం 18 నుంచి 23 ఏళ్ల వయసు జనాభాతో పోలిస్తే ఉన్నత విద్యలో చేరినవారు దేశంలో 28.4 శాతం, తెలంగాణలో 40 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 36.5 శాతం. ఆ వయసున్న ప్రతి లక్ష మందికి తెలంగాణలో 52, ఆంధ్రలో 49 కాలేజీలు ఉన్నాయి. 2008 తర్వాత ఫీజు రీయింబర్స్‌మెంట్ వల్ల పేదింటి పిల్లలూ కాలేజీ గడప తొక్కారు. అది గొప్ప మార్పు. దాంతో పాటే డిగ్రీ ఉండటం ఒక్కటే ఉద్యోగానికి చాలే రోజులు పోయాయి.

ఇక ప్లేస్‌మెంట్ అంకె సంగతి. కేంద్ర విద్యాశాఖ 2016 నుంచి ప్రకటిస్తున్న ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల కోసం దరఖాస్తు చేసే ప్రతి కాలేజీ తన వివరాలను సొంత వెబ్‌సైట్‌లో ఉంచాలి. ఎంతమంది చేరారు, అందులో గడువులోగా పాసైనవారెందరు, ఉద్యోగాల్లో చేరినవారెందరు, వారి మధ్యస్థ జీతం ఎంత, పైచదువులకు వెళ్లినవారెందరు అన్నవి వరసగా ఉంటాయి. కరపత్రం కంటే ఈ పట్టికకు విలువ ఎక్కువ. మధ్యస్థ జీతం అంటే అందరినీ జీతాల వరసలో నిలబెడితే సరిగ్గా నడుమ నిలిచినవారి జీతం. పదిమందిలో ఒకరికి ఏడాదికి 30 లక్షలు, తొమ్మిదిమందికి మూడేసి లక్షలు వచ్చాయనుకుంటే సగటు 5 లక్షల 70 వేలు అవుతుంది. మధ్యస్థం మూడు లక్షలే. ఫ్లెక్సీ మీద ముప్పై లక్షల ఫొటో పడుతుంది. కాలేజీ నుంచి బయటికొచ్చే మామూలు విద్యార్థికి అందేది మూడు లక్షలు.

శాతం దేని మీద కట్టారన్నదీ చూడాలి. బ్యాక్‌లాగ్స్ ఉన్నవారిని, డ్రైవ్‌కు పేరు ఇవ్వనివారిని తీసేసి మిగిలినవారి మీద కడితే ఏ కాలేజీకైనా 90 శాతం వస్తుంది. ఒకే విద్యార్థికి వచ్చిన మూడు ఆఫర్లను మూడుగా లెక్కించేవారూ ఉన్నారు. ఆఫర్ లెటర్ వేరు, జాయినింగ్ వేరు. 2023-24లో దేశంలోని మూడు పెద్ద ఐటీ సంస్థల్లో కలిపి ఉద్యోగుల సంఖ్య 63 వేలకు పైగా తగ్గింది. ఆ రోజుల్లో ఆఫర్ లెటర్ పట్టుకుని నెలల తరబడి ఈమెయిల్ కోసం ఎదురుచూసిన బీటెక్ పిల్లలు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. ఐటీ సేవల కంపెనీల్లో ఫ్రెషర్ జీతం పదేళ్లకు పైగా మూడు నాలుగు లక్షల దగ్గరే తచ్చాడుతోంది. ఈలోగా అద్దెలు, మెస్ బిల్లులు ఎక్కడున్నాయో హైదరాబాద్‌లో హాస్టల్లో ఉన్నవారికి తెలుసు.

బీఎస్సీ, బీకామ్ విద్యార్థుల దారి కాస్త వేరు. వాళ్ల కాలేజీలకు కంపెనీలు వచ్చేది తక్కువ, ఉద్యోగాన్ని వాళ్లే వెతుక్కుంటారు. కెమిస్ట్రీ చదివినవారికి హైదరాబాద్ పక్కన జీడిమెట్ల, పాశమైలారం, విశాఖ పక్కన పరవాడ, అచ్యుతాపురం ఫార్మా కంపెనీల్లో ప్రొడక్షన్‌లోనో నాణ్యత పరీక్షించే క్యూసీలోనో పని దొరుకుతుంది. షిఫ్టులు కష్టం, మొదటి జీతం చిన్నది. అయితే క్యూసీ ల్యాబ్‌లో పరికరాల మీద చేయి తిరిగితే రెండేళ్ల తర్వాత కంపెనీ మారినప్పుడు జీతం నిజంగా పెరుగుతుంది. బీకామ్ వారికి ట్యాలీ, జీఎస్టీ రిటర్నులు, ఆడిటర్ ఆఫీసు. 55 శాతం మార్కులున్న బీకామ్ విద్యార్థి సీఏ ఫౌండేషన్ లేకుండా నేరుగా ఇంటర్మీడియట్ దశలో చేరవచ్చు. ఆర్టికల్‌షిప్ ఇప్పుడు రెండేళ్లే. ఈ సౌకర్యం తెలియక సాదా ఎంకామ్‌లో చేరేవారు ఎందరో. డిగ్రీవారికి మరో మెట్టు అప్రెంటిస్‌షిప్. 2019లో మారిన నిబంధనలు గ్రాడ్యుయేట్ అప్రెంటిస్‌కు నెలకు కనీసం 9,000 రూపాయల స్టయిపెండ్ నిర్ణయించాయి, స్టయిపెండ్‌లో సగం దాకా కేంద్రం భరిస్తుంది. డబ్బు కొంచెమే అయినా ఏడాది తర్వాత చేతిలో అనుభవ పత్రం ఉంటుంది.

పైచదువుకు వెళ్లేవారిలో రెండు రకాలు. ఫలానా పని కోసం ఫలానా చదువు కావాలని తెలిసి వెళ్లేవారు ఒక రకం. ఉద్యోగం రాలేదు, ఇంట్లో ఊరికే ఉంటే బాగుండదు అని వెళ్లేవారు రెండో రకం. రెండో రకంవారికి పీజీ రెండేళ్ల వాయిదా మాత్రమే అవుతుంది. తెలంగాణలో సీపీగెట్, ఆంధ్రలో పీజీసెట్ రాసి రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో చేరడం అందరికీ తెలిసిన బాట. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయానికి సీయూఈటీ పీజీ రాయాలి. ఐఐటీల్లో ఎమ్మెస్సీకి జామ్ రాయాలి. మండల కేంద్రాల్లోని కాలేజీల్లో జామ్ పేరు విననివారు ఇప్పటికీ ఉన్నారు. పరిశోధనకు వెళ్లదలిస్తే జేఆర్‌ఎఫ్ ఉండటం మేలు. 2023 జనవరి నుంచి ఆ ఫెలోషిప్ నెలకు 37 వేలు, రెండేళ్ల తర్వాత 42 వేలు. ఫెలోషిప్ లేని పీహెచ్‌డీ ఐదారేళ్లు ఇంటి మీద ఆధారపడే చదువు. పేదింటి విద్యార్థి ఈ రెండింటి తేడాను చేరేముందే తెలుసుకోవాలి.

బీఎడ్ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. రెండేళ్ల బీఎడ్ చేసినవారు ప్రాథమిక తరగతులకు అనర్హులని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. ప్రాథమిక బడుల్లోని ఎస్జీటీ పోస్టులకు డీఈడీ వంటి శిక్షణే కావాలి. బీఎడ్ వారికి స్కూల్ అసిస్టెంట్ వంటి పోస్టులే మిగిలాయి, అవి తక్కువ. పైగా టీచర్ల నియామక పరీక్ష డీఎస్సీ ఎప్పుడు వస్తుందో చెప్పలేం. తెలంగాణలో 2017 నోటిఫికేషన్ తర్వాత మళ్లీ పరీక్ష జరిగింది 2024లో, 11,062 పోస్టులకు. ఆంధ్రలో 2018 తర్వాత మెగా డీఎస్సీ 2025లో వచ్చింది, 16,347 పోస్టులతో. ఈ మధ్యకాలంలో బీఎడ్ ముగించిన వేలమంది ప్రైవేటు బడుల్లో చిన్న జీతాలకు పాఠాలు చెప్పుకుంటూ గడిపారు.

పోటీ పరీక్షల దారి గురించి ఎక్కువగా చెప్పుకోవాలి, ఎందుకంటే పట్టభద్రుల వయసును అన్నిటికంటే ఎక్కువగా తినేది అదే. తెలంగాణ తొలి గ్రూప్-1 నోటిఫికేషన్ 503 పోస్టులతో 2022 ఏప్రిల్‌లో వెలువడింది. ఆ అక్టోబరులో జరిగిన ప్రిలిమ్స్ ప్రశ్నపత్రం లీకేజీ వల్ల 2023 మార్చిలో రద్దయింది. జూన్‌లో మళ్లీ పెట్టారు, దాన్ని సెప్టెంబరులో హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్ ఇచ్చారు, మెయిన్స్ ఆ ఏడాది అక్టోబరులో జరిగింది. 2022లో డిగ్రీ ముగించి హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గది తీసుకుని చిక్కడపల్లి లైబ్రరీలో కూర్చున్న విద్యార్థికి మెయిన్స్ రాసేసరికే రెండున్నరేళ్లు గడిచాయి. అతని తప్పేమీ లేదు. గది అద్దె, కోచింగ్ ఫీజు, మెటీరియల్ ఖర్చు మాత్రం ప్రతి నెలా అతని ఇంటివారే భరించారు.

మరోవైపు 2019లో ఆంధ్రప్రదేశ్ గ్రామ, వార్డు సచివాలయాల కోసం లక్షా 26 వేలకు పైగా పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చి కొద్ది వారాల్లో పరీక్షలు పూర్తిచేశారు. దరఖాస్తులు 21 లక్షలు దాటాయి. అంత పెద్ద నియామకంలోనూ ఒక్కో పోస్టుకు పదహారు మందికి పైగా పోటీపడ్డారు. కనుక ఏ పరీక్షకైనా దిగే ముందు రెండు ప్రశ్నలు వేసుకోవాలి: ఎంపికైతే ఏమవుతుంది, కాకపోతే ఏం మిగులుతుంది? బ్యాంకు, ఎస్‌ఎస్‌సీ, రైల్వే పరీక్షల్లో అంకగణితం, రీజనింగ్, ఇంగ్లిష్ ఉమ్మడిగా ఉంటాయి. ఒకదానికి చేసిన సాధన మరోదానికి పనికొస్తుంది, క్యాలెండర్ కూడా ఏటా దాదాపు క్రమంగా నడుస్తుంది. నంద్యాలలో బ్యాంకు కోచింగ్‌కు అంత పేరు రావడానికి ఇది కొంత కారణం. గ్రూప్స్ కోసం చదివిన రాష్ట్ర చరిత్ర, ఆర్థిక సర్వేలు గ్రూప్స్ బయట పెద్దగా అక్కరకు రావు. గ్రూప్స్ వద్దని దీని అర్థం కాదు. ఉద్యోగం చేసుకుంటూనో గడువు పెట్టుకునో దిగాలి. రెండు నోటిఫికేషన్లు అనుకున్నవారు రెండింటితో ఆగగలగాలి. వయోపరిమితిని తెలంగాణలో 2024లో 46కు పెంచడం మేలే అయినా, ముప్పై దాటాక కూడా గదిలోంచి బయటికి రాని యువకులకు అది మరో వాయిదా కూడా అయింది.

విదేశీ చదువు తెలుగువారికి కొత్త కాదు. 2023-24లో అమెరికాలో చదువుతున్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది, 2008-09 తర్వాత మళ్లీ తొలిసారి చైనాను దాటారు. వారిలో మన రెండు రాష్ట్రాలవారి వంతు చాలా పెద్దది. సైన్స్, ఇంజినీరింగ్ కోర్సులు ముగించినవారికి అక్కడ ఓపీటీ అనే పని అనుమతి కింద మొత్తం మూడేళ్లు పనిచేసే వీలుంది. ఆ తర్వాత హెచ్-1బీ లాటరీ, ఏటా 85 వేల వీసాలకు. 2025 సెప్టెంబరులో, అమెరికా బయట ఉన్నవారి కోసం వేసే కొత్త హెచ్-1బీ దరఖాస్తుల మీద లక్ష డాలర్ల రుసుము విధించారు. ఇక్కడ లెక్క వేయాల్సింది ర్యాంకింగ్‌ల మీద కాదు, అప్పు మీద. 40 లక్షల అప్పు, 11 శాతం వడ్డీ, పదేళ్ల గడువు అనుకుంటే నెల కిస్తీ దాదాపు 55 వేలు. చదువుకునే రోజుల వడ్డీ కలిస్తే ఇంకా ఎక్కువ. అమెరికాలో ఉద్యోగం దొరికితే ఆ కిస్తీ తేలిక. తిరిగి వచ్చి హైదరాబాద్‌లో 30 వేల జీతంలో చేరితే అది తీరదు. తాకట్టు పెట్టిన పొలం తండ్రిది, సంతకం కూడా తండ్రిదే. రెండేళ్లు ఇక్కడ పనిచేసి కొంత పొదుపుతో, పని అనుభవంతో వెళ్లినవారి పరిస్థితి నేరుగా వెళ్లినవారికంటే భద్రంగా ఉంటుంది.

చివరగా చిన్నదిగా కనిపించే పెద్ద విషయం, సర్టిఫికెట్లు. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు రాలేదని టీసీ, మెమోలు ఆపేసే కాలేజీలు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. కౌన్సెలింగ్ తేదీ దగ్గరపడ్డాక అప్పుచేసి ఫీజు కట్టి కాగితాలు తెచ్చుకున్నవారు ప్రతి బ్యాచ్‌లోనూ కనిపిస్తారు. ఒరిజినల్ సర్టిఫికెట్లను కాలేజీలు తమ దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ స్పష్టంగా చెప్పింది. ఆ మాట విద్యార్థికి తెలిస్తే అడిగే గొంతు మారుతుంది.

అమ్మా, ఈ సంక్రాంతికి ఊరికి వచ్చేలోగా ఒక్క పని చెయ్యి. నీ గ్రూపులోనే మూడేళ్ల కింద పాసైన పదిమంది పేర్లు కనుక్కో. ర్యాంకు వచ్చినవాళ్లనే కాదు, నడుమ వరసలో కూర్చున్నవాళ్లను కూడా. మొదటి ఏడాది ఎక్కడ ఉన్నారు, ఇప్పుడెక్కడ ఉన్నారు, ఏది ముందే తెలిసి ఉంటే బాగుండేదని అనుకుంటున్నారు అని అడిగి ఒక కాగితం మీద రాసుకుని తీసుకురా. ఇద్దరం కూర్చుని చూద్దాం.

ఇట్లు,
మీ మావయ్య