సోలార్ హీటర్ పెట్టెలో ఏం వేయాలి?

ప్రశ్న: సోలార్ వాటర్ హీటర్ ప్యానెల్ సొంతంగా చేయించుకుంటున్నాను. రేకు వెనకాల థర్మాకోల్ వేస్తే సరిపోతుందా? రాక్‌వూల్ ఖరీదు ఎక్కువ అంటున్నారు. – ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: థర్మాకోల్ వద్దు. 80 డిగ్రీలు దాటితే అది మెత్తబడడం మొదలవుతుంది. నీళ్లు 60 డిగ్రీలే కదా అంటారేమో, చిక్కు నీళ్లు లేని రోజున వస్తుంది. మీరు ఊరెళ్లారు, ట్యాంకు ఖాళీ, మే నెల మధ్యాహ్నం. మంచి పూత ఉన్న రేకు అప్పుడు 150 డిగ్రీలు కూడా దాటగలదు. థర్మాకోల్ కరిగి ముద్దయిపోతుంది. పఫ్, అంటే పాలీయురేథేన్ నురుగు, కూడా రేకుకు తగలకూడదు. అంత వేడికి అదీ పాడవుతుంది. ట్యాంకు చుట్టూ మాత్రం పఫ్‌కు సాటి లేదు.

కాబట్టి వెనకాల 50 మిల్లీమీటర్లు, పక్కల 25 మిల్లీమీటర్ల రాక్‌వూల్ వేయించండి. బైండర్, అంటే జిగురు, తక్కువగా ఉన్న రకం అడగండి. జిగురు ఎక్కువైతే వేడికి దాని ఆవిరి అద్దం లోపలివైపు పొరలా పట్టేస్తుంది, తుడవడానికి చెయ్యి దూరదు. రాక్‌వూల్‌కు అసలు శత్రువు తడి. నానితే వేడిని ఆపలేదు. అద్దం చుట్టూ రబ్బరు గాస్కెట్ గట్టిగా ఉండాలి, అడుగున చెమ్మ పోవడానికి చిన్న రంధ్రాలు వదలాలి. మేస్త్రీలు ఈ రంధ్రాలను తరచూ మరిచిపోతారు, దగ్గరుండి పెట్టించండి.

ప్రశ్న: రాగి భరించలేం. రేకు అల్యూమినియంది వేస్తే నష్టమా? మామూలు నల్లరంగు చాలా? – ఒక గృహిణి, ఖమ్మం

జవాబు: అల్యూమినియం వేడిని మోయడంలో రాగికి సగానికి పైనే ఉంటుంది. రేకు కాస్త మందం పెంచితే సరి. పైపులు మాత్రం రాగివే ఉంచండి. పైపును రేకుకు తీగతో కట్టించొద్దు, వెల్డింగ్ చేయించండి. మధ్యలో గాలి దూరితే ఎంత మంచి లోహమైనా దండగే. మామూలు నల్లరంగు ఎండను బాగానే పీల్చుకుంటుంది, పీల్చుకున్న వేడిని అంతే సులువుగా బయటికి వదిలేస్తుంది. బ్లాక్ క్రోమ్ లాంటి పూతలు అలా వదలవు. డబ్బు మిగిల్చేది ఉంటే రేకులో మిగల్చండి, పూతలో వద్దు.

ప్రశ్న: రెండు అద్దాలు వేస్తే వేడి ఎక్కువ నిలుస్తుందట, నిజమేనా? – ఒక విద్యార్థి, తిరుపతి

జవాబు: చలి దేశాల్లో నిజం. మన దగ్గర రెండో అద్దం ఆపే వేడి కన్నా అడ్డుకునే వెలుగే ఎక్కువ కావచ్చు. 4 మిల్లీమీటర్ల టఫెన్డ్ గ్లాసు ఒక్కటి చాలు. అంచు బాగా పచ్చగా కనిపిస్తే అందులో ఇనుము ఎక్కువని అర్థం, అది తీసుకోవద్దు.

ప్రశ్న: సాయంత్రం కాగిన నీళ్లు తెల్లారేసరికి చల్లారిపోతున్నాయి. ప్యానెల్ మార్చాలా? – ఒక ఉద్యోగి, నల్గొండ

జవాబు: సాయంత్రం కాగుతున్నాయంటే ప్యానెల్ పని చేస్తున్నట్టే. రాత్రి పది గంటలకు ప్యానెల్ పైనుంచి ట్యాంకుకు వెళ్లే పైపును మధ్యలో జాగ్రత్తగా తాకి చూడండి. వేడిగా ఉంటే నీళ్లు వెనక్కి తిరుగుతున్నాయి, ట్యాంకు అడుగు ప్యానెల్ పై అంచు కన్నా ఒక అడుగైనా ఎత్తులో ఉండాలి. చల్లగా ఉంటే ట్యాంకు కవచంలోకి చెమ్మ చేరిందేమో, పైపుల మీది నురుగు తొడుగు ఎండకు పగిలిందేమో చూడండి. తొడుగు మార్పించి, పైన అల్యూమినియం రేకు చుట్టించండి. ముందు చవక పనులు చేయండి, ట్యాంకు ఎత్తించడం ఆ తర్వాత.