బొరుసులో రాజకీయం: రోమన్ నాణెం చదవడం ఎలా?

రోమన్ల వెండి నాణెం డినారియస్. అది చూసినవాళ్ళు చాలామంది చక్రవర్తి ముఖం దగ్గరే ఆగిపోతారు. అసలు రాజకీయమంతా బొరుసు మీద ఉంటుంది. నేర్చుకోవడానికి నెర్వా చక్రవర్తి నాణేలు మంచివి. ఆయన ఏలింది క్రీ.శ. 96 నుంచి 98 దాకానే. మ్యూజియంల వెబ్‌సైట్లలో ఫోటోలు తేలిగ్గా దొరుకుతాయి.

1. ముందు బొమ్మ వైపు అంచు వెంట ఉన్న అక్షరాలు చదవండి. అన్నీ పొట్టి రూపాలే. 'ఐఎంపీ' అంటే ఇంపెరేటర్, 'ఏవీజీ' అంటే అగస్టస్. రెండూ చక్రవర్తి బిరుదులే. 'ఉ' రాయాల్సిన చోటా 'వీ' అక్షరమే ఉంటుంది.

2. 'సీఓఎస్' కోసం వెతకండి. అది కాన్సుల్ అనే ఉన్నత రోమన్ పదవి. పక్కనున్న గీతలు ఎన్నోసారో చెబుతాయి. నెర్వా నాణెం మీద రెండు గీతలుంటే 96, మూడుంటే 97.

3. ఇక నాణెం తిప్పండి. అక్కడున్న స్త్రీ ఒక సుగుణానికి రూపం. శంఖచక్రాలను బట్టి విష్ణువును పోల్చుకున్నట్టే ఆమె చేతుల్లో ఏముందో చూడండి. త్రాసుంటే ఈక్విటాస్, అంటే న్యాయబుద్ధి. ఆలివ్ కొమ్మ ఉంటే పాక్స్, శాంతి. టోపీ ఉంటే లిబర్టాస్, స్వేచ్ఛ. బానిసత్వం నుంచి విడుదలైనవాళ్ళు పెట్టుకునే టోపీ అది. అంతకుముందు చక్రవర్తి డొమీషియన్ హత్య తర్వాత గద్దెనెక్కిన నెర్వా ఆ టోపీని ముద్రించాడంటే, నిరంకుశుడి పీడ వదిలిందని ఊరూరా చాటినట్టే.

4. ఆ మాట అప్పుడే ఎందుకు చెప్పాల్సొచ్చిందని అడగండి. నాకు అన్నిటికంటే ఇష్టమైన మెట్టు ఇదే. నెర్వా నాణేల్లో ఒకదాని మీద రెండు చేతులు కలిసి ఉంటాయి. చుట్టూ ఉన్న అక్షరాలకు సైన్యాల సామరస్యం అని అర్థం. నిజానికి జీతాలు పెంచిన డొమీషియన్ అంటే సైనికులకు అభిమానం. 97లో చక్రవర్తికి కాపలా ఉండే ప్రిటోరియన్ దళం ఆయన్నే నిర్బంధించి, డొమీషియన్ హంతకులను అప్పగించమని పట్టుబట్టింది. నెర్వా తలొగ్గాడు. ఆ ఏడే సేనాని ట్రాజన్‌ను వారసుడిగా దత్తత తీసుకున్నాడు. ఆ కలిసిన చేతుల్లో నాకు గొప్పలు కనిపించవు, బతిమాలుకోవడం కనిపిస్తుంది. అలాగని ప్రతి సుగుణం వెనకా సంక్షోభం వెతక్కండి. త్రాసు బొమ్మను ఎందరో చక్రవర్తులు మామూలుగానే వాడారు.

5. సాధనకు మన నేలలో దొరికినవే ఉన్నాయి. నల్గొండ జిల్లా అక్కెనపల్లి నిధిలో నెర్వాకు ముందటి చక్రవర్తులు అగస్టస్, టిబేరియస్‌ల డినారియస్‌లు బయటపడ్డాయి. టిబేరియస్ నాణేల్లో బాగా పేరున్న రకం బొరుసు మీద ఒక స్త్రీ కూర్చుని ఉంటుంది. ఆమె చక్రవర్తి తల్లి లివియా అని చాలామంది పండితుల అభిప్రాయం. చేతిలో కొమ్మ ఉంటుంది. తల్లికి శాంతి రూపం ఇవ్వడం వల్ల కొడుక్కి ఏం కలిసొస్తుందో ఆలోచించి చూడండి.