ఒకే గ్రంథము, పెక్కు సంఘములు

విద్యార్థులారా, ప్రొటెస్టంటు క్రైస్తవులు చదువు గ్రంథ మొక్కటియే. సంఘములు మాత్రము పెక్కు. లూథరనులు, బాప్టిస్టులు, మెథడిస్టులు - ఇన్ని పేరు లెందులకు? ఎవరికి తోచిన అర్థము వారు చెప్పుకొనుటచేత నని సాధారణముగా వినవచ్చు సమాధానము. అది కొంతవఱకే నిజము.

1521లో వర్మ్సు సభయందు మార్టిన్ లూథరు, లేఖనముచేతనో స్పష్టమైన యుక్తిచేతనో తన్ను ఒప్పించిననే గాని తన వ్రాతలను ఉపసంహరింప ననెను. మఱుసటి యేట క్రొత్త నిబంధనను జర్మను భాషలో అచ్చువేయించెను. చదువ నేర్చిన ప్రతివాడును అర్థము చెప్పువా డయ్యెను. సంఘము గ్రహించిన అర్థమునకు విరుద్ధముగా స్వబుద్ధితో వ్యాఖ్యానింపరాదని రోమను కథోలికులు 1546లో ట్రెంటు సభయందు శాసించిరి. వారి భయము నిరాధారము కాదు. అంతకు ముందే, 1529లో, మార్బర్గు నగరమున లూథరును జ్వింగ్లీయు పదునైదు విషయములు చర్చించి, పదునాలుగింట ఏకీభవించి, ప్రభు భోజనముకడ విడిపోయిరి. రొట్టెను చూపి అది తన శరీరమని క్రీస్తు పలికిన వాక్యమందలి క్రియను ఉన్నదున్నట్లు గ్రహింపవలె నని లూథరు. 'సూచించుచున్నది' అని దాని భావ మని జ్వింగ్లీ. 'ఆమె మా తల్లి' అను తెలుగు వాక్యమున క్రియయే లేదు గదా! వ్యాకరణము నిష్ప్రయోజన మనువారు ఈ కలహమును గమనింతురు గాక.

అయితే మన దేశపు చీలికలన్నియు ఇట్లు పుట్టినవి కావు. నెల్లూరునకు 1840లో అమెరికను బాప్టిస్టు సామ్యుల్ డే, గుంటూరునకు 1842లో లూథరను మతబోధకుడు హయ్యరు వచ్చిరి. ఏ మిషను తమ యూరికి వచ్చిన జనులు చాలవఱకు ఆ సంఘమువా రైరి. మన దుబల్గుండి యున్న బీదరు జిల్లానే చూడుడు. ఇచ్చటి మెథడిస్టు సంఘము అమెరికా మిషనువలన కలిగినది. పొరుగున నున్న మెదకు సంఘము ఇంగ్లండు వెస్లియను మిషనువలన కలిగినది. ఇరువురకును జాన్ వెస్లీయే మూలపురుషుడు. 1947 సెప్టెంబరు 27వ తేదీన దక్షిణ ఇండియా సంఘ మేర్పడగా మెదకువారు అందు చేరిరి, బీదరువారు చేరలేదు. అప్పటికి రెండు జిల్లాలును నిజాము రాజ్యములోనివే. ఈ యెడబాటును లేఖనము చదివినవారి తలపై మోపుట మాకు న్యాయముగా తోచదు.

నిజముగా అర్థమునుండి పుట్టిన భేదమును చూడగోరినచో స్నాన సంస్కారమును చూడుడు. శిశువుపై నీరు చిలుకరించిన చాలునా, ఎదిగి విశ్వసించినవానిని నీట ముంచవలెనా? గ్రీకు మూలపదమునకు ముంచుట యని అర్థ మని బాప్టిస్టుల వాదము. వంగభాషానువాదములో వారు ఆ యర్థమే వచ్చు మాటను వేయగా బైబిలు సొసైటీ ధనసహాయము నిరాకరించెను. 1840లో లండనునందు బాప్టిస్టులు తమ అనువాదములకై వేఱొక సంస్థనే స్థాపించుకొనిరి. ఒక్క మాటకై ఇంత! తెలుగు బైబిలులో ఆ గ్రీకు పదమునే 'బాప్తిస్మము' అని నిలిపిరి. అందుచేత ఇరుపక్షములవారును ఒకే పుస్తకము చదువగలుగుచున్నారు. తెలుగు కథోలికులు 'జ్ఞానస్నానము' అందురు. కన్నడ బైబిలులో 'దీక్షాస్నాన' అని యున్నది. ఇంట తెలుగును, వీథిలో కన్నడమును పలుకు మీకు ఈ మూడు మాటలును అందుబాటులోనివే. ఏ మాట ఏ పక్షమునకు అనుకూలించునో, ఏది ఎవరికిని అనుకూలింపక తప్పుకొనునో ఆలోచించి, మీ తలిదండ్రులతో చర్చించి, వచ్చు తరగతికి వ్రాసి తెండు.