పక్కన కూర్చుండు స్నేహితుడు
(వైద్య విద్యార్థుల మనోవేదన – తోటి విద్యార్థుల తోడ్పాటు)

పాఠ్యభాగము: యోబు 2:11-13



మన పెద్దలు గనులకు, మిల్లులకు, రైలు పనులకు వలస వచ్చి, పరాయి భాషల మధ్య సంఘములు కట్టుకున్నారు. అటువంటి ఇంటిలోని బిడ్డకు మెడికల్ కాలేజీలో సీటు వస్తే సంఘమంతటికీ పండుగే. కృతజ్ఞత కూడిక పెడతాము, కానుక ఇస్తాము, "మన డాక్టరు" అని పిలుస్తాము. ఆ తరువాత ఎన్ని మార్కులు వచ్చినవని అడిగేవారు ఎక్కువ, ఎట్లున్నావని అడిగేవారు తక్కువ.

ముందుగా నా పొరపాటు ఒప్పుకుంటాను. కొన్ని సంవత్సరముల క్రితము మా సంఘములోని ఒక వైద్య విద్యార్థి సెలవులకు వచ్చాడు. ఆరాధన ముగిసిన తరువాత నా దగ్గరకు వచ్చి, "మాస్టారూ, రాత్రులు నిద్ర పట్టడం లేదండీ. పుస్తకం తెరిస్తే అక్షరాలు కనబడుతున్నాయి గాని తలకెక్కడం లేదు" అన్నాడు. నేను భుజము తట్టి, "ప్రార్థన చేసుకో బాబూ, పట్టుదలగా చదువు, అంతా సర్దుకుంటుంది" అని చెప్పి, సండే స్కూలు లెక్కలు చూచుకొనుటకు వెళ్లిపోయాను. ట్రైనింగులో మనస్తత్వ శాస్త్రము చదివినవాడను. ముప్పది ఏండ్లు పిల్లలకు పాఠము చెప్పినవాడను. అయినా ఆ రోజు నేను వినలేదు.

విన్నది అతని గది స్నేహితుడు. మెస్సుకు రావడం మానాడని, మాటలు తగ్గించాడని, తన పుస్తకాలు జూనియర్లకు పంచిపెడుతున్నాడని గమనించాడు. ఒక సీనియరును వెంటబెట్టుకొని వచ్చి, ఆ రాత్రంతా పక్కన కూర్చున్నాడు. ఉదయమే ఇద్దరూ అతనిని మానసిక వైద్యుని దగ్గరకు తీసుకొని వెళ్లారు. ఒక సంవత్సరము వెనుకబడినా, ఆ అబ్బాయి చదువు ముగించి నేడు రోగులను చూస్తున్నాడు. నేను చేయలేని పని ఇరువది ఏండ్ల పిల్లలు చేశారు. నేటి పాఠము దానిని గురించే.

1. బరువు ఎంత?

ఎం.బి.బి.ఎస్. నాలుగున్నర ఏండ్ల చదువు, ఆపైన ఒక ఏడు ఇంటర్న్‌షిప్. ఊరిలో మొదటి ర్యాంకు తెచ్చుకున్న బిడ్డ, అందరూ మొదటి ర్యాంకులవారే ఉన్న తరగతిలో మొదటిసారి తప్పుతాడు. ఇంటి అప్పు, హాస్టలు ఒంటరితనము, రాత్రి డ్యూటీలు, కళ్లెదుట మరణములు – ఇవన్నీ ఒకదానిపై ఒకటి చేరతాయి.

2024లో జాతీయ వైద్య కమిషన్ వారి కార్యదళము జరిపిన సర్వేలో 25,590 మంది ఎం.బి.బి.ఎస్. విద్యార్థులు జవాబిచ్చారు. తమకు మానసిక సమస్య ఉన్నట్లు నిర్ధారణ అయినదని 27.8 శాతము మంది తెలిపారు. తమకు తాము హాని చేసుకొనే లేక చనిపోవాలనే తలంపులు వచ్చినవని 16.2 శాతము మంది తెలిపారు. ఇది ఇష్టపూర్వకముగా జవాబిచ్చినవారి లెక్క మాత్రమే. అయినా తేలికగా తీసుకోదగినది కాదు.

2016లో 43 దేశముల పరిశోధనలను కలిపి చూచినప్పుడు, కుంగుబాటు లక్షణములున్న వైద్య విద్యార్థులలో చికిత్స కోరినవారు 15.7 శాతమేనని తేలినది. వైద్యము నేర్చుకొనేవారే వైద్యునికి దూరముగా ఉన్నారు. "పిచ్చి అంటారేమో, ప్రొఫెసర్లకు తెలుస్తుందేమో, ఇంటిలో పరువు పోతుందేమో" అనే భయము దీనికి ఒక కారణము.

2. తోటివారే ఎందుకు?

భోజనము మానినది తల్లికి ఫోనులో కనబడదు. పక్క మంచముపై నున్నవానికి కనబడుతుంది. అదీగాక పెద్దలతో చెప్పలేనిది తోటివానితో చెప్పుకుంటారు. ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయములో 1970లో నైట్‌లైన్ అనే సేవ ఆరంభమైనది. రాత్రివేళ ఫోను చేసే విద్యార్థుల మాట విద్యార్థులే వింటారు. తరువాత అనేక విశ్వవిద్యాలయములు దీనిని అనుసరించాయి.

3. పని ఎట్లు జరుగుతుంది?

కాలేజీలో ఇటువంటి బృందము పెట్టదలచినవారు కొన్ని సంగతులు గుర్తుంచుకోవాలి. ప్రతి బ్యాచి నుండి నమ్మదగిన కొందరు స్వచ్ఛందముగా ముందుకు రావాలి. మానసిక వైద్యులు వారికి శిక్షణ ఇవ్వాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో నేర్పిన మూడు మాటలు వారికి చాలును: చూడుము, వినుము, జతచేయుము. అనగా, మార్పును గమనించుట, తీర్పు తీర్చక వినుట, సహాయము చేయగలవారి దగ్గరకు చేర్చుట.

హద్దులు కూడా ఉండాలి. వారు వ్యాధి పేరు చెప్పకూడదు, మందులు ఇవ్వకూడదు. విన్నది బయట పెట్టకూడదు. అయితే ప్రాణాపాయము కనబడినప్పుడు రహస్యము కంటె ప్రాణమే ముఖ్యము. అట్టివానిని ఒంటరిగా విడువకూడదు. "చనిపోవాలని అనిపిస్తున్నదా?" అని నెమ్మదిగా, సూటిగా అడగవచ్చును. అడిగినందువలన ఆ తలంపు పుట్టదు. అడిగితే చాలామందికి గుండె బరువు దిగుతుంది. వినేవారు కూడా అలసిపోతారు గనుక వంతులు వేసుకోవాలి, వారి బాగోగులు చూచే పెద్ద ఒకరు ఉండాలి.

4. మన సంఘము ఏమి చేయాలి?

యోబు స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు మౌనముగా పక్కన కూర్చున్నంత కాలము మంచి స్నేహితులే. నోరు తెరచి, నీలోనే తప్పున్నదని వాదించినప్పుడు బాధపెట్టువారైరి. కుంగిపోయిన బిడ్డతో "నీకు విశ్వాసము తక్కువ" అనుట అటువంటిదే. ప్రార్థన చేద్దాము. జ్వరమునకు మందు వాడినట్లే దీనికీ చికిత్స చేయిద్దాము.

2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వము టెలి-మానస్ ఆరంభించినది. నంబరు 14416. పగలు, రాత్రి ఉచితముగా, తెలుగుతో పాటు మనము నివసించే రాష్ట్రముల భాషలలో కూడా మాట్లాడవచ్చును. ఈ నంబరు ప్రతి మందిరపు నోటీసు బోర్డుపై వ్రాయించగలరు.

చర్చించుటకు ప్రశ్నలు

1. మన సంఘము నుండి దూరముగా చదువుచున్న పిల్లలెందరు? ఈ నెలలో వారితో ఎవరు మాట్లాడారు?
2. యోబు స్నేహితులు మౌనముగా నున్నప్పుడు చేసిన మేలు ఏమి? మాట్లాడినప్పుడు చేసిన కీడు ఏమి?
3. ఒక విద్యార్థి "నిద్ర పట్టడం లేదు" అంటే మన మొదటి మాట ఏమై యుండాలి?

మూడవ ప్రశ్నకు నా జవాబు చెప్పి ముగిస్తాను. "కూర్చో బాబూ, చెప్పు." లెక్కలు వచ్చే ఆదివారమైనా చూచుకోవచ్చును.