చుక్కల రెక్కల పురుగు

కాట్రేనికోన కోనసీమలో సముద్రమునకు చేరువ నున్న ఊరు. ఆ సీమలోని కొబ్బరితోటలను, వరిచేలను ఎరుగనివారు లేరు. గోదావరి డెల్టా రైతులు పచ్చిరొట్టకును, పశువుల మేతకును జనుమును పెంచుట కలదు. పసుపుపచ్చగా పూచిన జనుపచేని గట్టున నడచునపుడు, అడుగుల అలికిడికి ఒక చిన్న తెల్లని పురుగు గడ్డినుండి లేచి, కొంతదూరము ఎగిరి, మరల గడ్డిలో వ్రాలును. పగటివేళ ఎగురుటచే దానిని సీతాకోకచిలుక యని భ్రమపడుదురు. కాని యది సాధారణముగా రాత్రివేళ దీపముల చుట్టు మూగు రెక్కల పురుగుల జాతికి చెందినది.

రెక్కలు చాచినను దీని వెడల్పు ఇంచుమించు నాలుగు సెంటీమీటర్లే. తెల్లని ముందురెక్కలపై నల్లని, ఎర్రని చుక్కలుండును. తెల్లని వెనుకరెక్కలకు నల్లని అంచుండును. స్వీడను దేశపు శాస్త్రజ్ఞుడగు లిన్నేయస్ 1758లో దీనికి 'పుల్కెల్లా' యని పేరిడెను. లాటిను భాషలో ఆ మాటకు 'చిన్ని సుందరి' యని యర్థము.

తల్లిపురుగు జనుము, గిలిగిచ్చ మొదలగు మొక్కలపై గ్రుడ్లు పెట్టును. వానినుండి వెలువడు గొంగళిపురుగులు ఆకులను తినును. కాయలను తొలిచి గింజలను కూడ తినును. ఆ మొక్కలలో, ముఖ్యముగా గింజలలో, చేదైన విషపదార్థము కలదు. అది పురుగునకు హాని చేయదు. పైగా పురుగు దానిని తన దేహమున దాచుకొనును. రెక్కలు వచ్చిన పిదపను ఆ విషము నిలిచియుండును. కావున ఆ చుక్కలు అలంకారములు మాత్రమే కావు. 'నన్ను ముట్టకుము' అను హెచ్చరికలు.

దీని జ్ఞాతియగు ఒక పురుగు అమెరికాలో కలదు. థామస్ ఐస్నర్ అను శాస్త్రజ్ఞుడు దానిని పరిశీలించెను. అది గూటిలో చిక్కినపుడు సాలెపురుగు రుచి చూచి, తానే దారములు త్రెంచి విడిచిపెట్టెను! విషములేని ఆహారముతో పెంచిన పురుగునైతే తినివేసెను. తల్లియు తండ్రియు తమ విషములో కొంత గ్రుడ్లకు పంచియిచ్చునని కూడ తేలినది.

గింజకొరకు జనుము పెంచు రైతునకు ఈ పురుగువలన నష్టము కలుగును. చేనిలోని గొంగళిపురుగులను అతడు ఏరివేయక తప్పదు. కాని బీడునేలలోని గిలిగిచ్చపై బ్రదుకు అదే పురుగు ఎవరికిని కీడు చేయదు. ఒకే జీవి ఒకచోట శత్రువు, వేరొకచోట పొరుగు. కావున ఏ ప్రాణినైనను చంపబోవుటకు ముందు అది ఎక్కడ, ఏమి తిని, ఎట్లు జీవించుచున్నదో తెలిసికొనుట వివేకము.