నవ్వించే బొమ్మల్లో అమెరికా చరిత్ర

ఈసారి మన గోడపత్రికలో బొమ్మల సినిమా నుండి ఒక చరిత్ర పాఠం చెప్పుకుందాం.

అమెరికాలో డేవిడ్ మెకాల్ అనే ఆయన ప్రకటనల పని చేసేవారు. వాళ్ళ అబ్బాయికి ఎక్కాలు ఎంత చదివినా నోటికి వచ్చేవి కావు. పాటలు మాత్రం గడగడా వచ్చేవి. మరి ఎక్కాలనే పాట కడితే పోలేదా అనుకున్నారు ఆయన. అలా 1973లో 'స్కూల్‌హౌస్ రాక్' అనే బొమ్మల పాటలు టీవీలో మొదలయ్యాయి. ఒక్కో పాట మూడు నిమిషాలు ఉంటుంది. 1976 నాటికి అమెరికా స్వాతంత్ర్యం ప్రకటించుకుని 200 ఏళ్ళు నిండాయి. అందుకని చరిత్ర మీద కూడా పాటలు కట్టారు.

అందులో ఒకటి 'ఎల్బో రూమ్' (1976). అంటే మోచేతులు ఆడేంత చోటు అని అర్థం. జనం ఎక్కువయ్యారు, ఇరుకైపోయింది, చోటు కావాలి అంటూ పడమటికి పోతూ ఉంటారు. ఇక్కడా ఇరుకైతే చంద్రుడి మీదికి పోదాం అంటారు! మాకు భలే నవ్వు వచ్చింది. అప్పుడు సోషల్ టీచరుగారు "ఆ చోటు ఎవరిది?" అని అడిగారు. దాని జవాబే అసలు పాఠం.

1. భూమి: 1803లో అమెరికా ఫ్రాన్సు దగ్గర లూసియానా భూమిని కొన్నది. ధర కోటీ 50 లక్షల డాలర్లు. ఆ నేల మీద ఎన్నో ఆదివాసీ తెగలు బతుకుతున్నాయి. అమ్మినవాళ్ళు గాని, కొన్నవాళ్ళు గాని వాళ్ళని అడగలేదు.

2. సకగావియా: ఆ భూమిని చూసి రమ్మని లూయిస్, క్లార్క్ అనే ఇద్దరిని పంపారు. సకగావియాని జీతానికి పెట్టుకున్నారని, ఆమే దేశమంతా దారి చూపిందని పాటలో ఉంది. నిజానికి జీతం, భూమి ఆమె భర్తకే ఇచ్చారు. ఆమెకి ఏమీ ఇవ్వలేదు. ఆమె షోషోనీ తెగ అమ్మాయి, అప్పటికి సుమారు 16 ఏళ్ళు. 1805 ఏప్రిల్‌లో రెండు నెలల బిడ్డని ఎత్తుకుని బయలుదేరింది. మనవాళ్ళు అడవిలో దుంపలు తవ్వినట్టే కర్రతో దుంపలు తవ్వి వాళ్ళకి పెట్టింది. పడవ ఒరిగిపోతే నీళ్ళల్లో తేలిపోతున్న సామాను పట్టి తెచ్చింది. ఆమె ఎక్కువగా చేసిన పని దారి చూపడం కన్నా మాట మార్చి చెప్పడం. షోషోనీ మాటని హిడాట్సా భాషలో భర్తకి చెప్పేది. ఆయన ఫ్రెంచిలో చెప్తే, ఇంకొకరు ఇంగ్లీషులోకి మార్చేవారు. ఇంట్లో ఒక భాష, బడిలో ఇంకో భాష మాట్లాడే మనకి ఆ కష్టం తెలుసు కదా!

3. కన్నీటి బాట: యుద్ధాలు జరిగాయని పాట ఒక్క మాటలో అనేస్తుంది. పడమర మాకు రాసిపెట్టి ఉంది అంటుంది. కాని 1830లో తెగలని వాళ్ళ ఊళ్ళ నుండి పంపించేయడానికి చట్టం చేశారు. 1838–39లో సైనికులు చెరోకీ వాళ్ళని ఇళ్ళల్లోంచి తోలి పడమటికి నడిపించారు. సుమారు 16,000 మందిలో దాదాపు 4,000 మంది చనిపోయారు. చోటు కావాలన్నవాళ్ళకి చోటు దొరికింది, ఉన్నవాళ్ళకి పోయింది.

మనం నేర్చుకోవలసింది: బొమ్మల పాట వల్ల పేర్లు, వరుస బాగా గుర్తుంటాయి. మన పాఠాలకి కూడా పాటలు కట్టుకోవచ్చు. అయితే నవ్వుతూనే బొమ్మలో ఎవరు లేరో కూడా వెతకాలి. "ఖాళీ భూమి" అని ఎవరైనా అంటే అక్కడ ముందు ఎవరున్నారు అని అడగాలి.

ప్రశ్నలు (జవాబులు నోటుబుక్కులో రాయండి):
1. లూసియానా భూమిని ఎవరు, ఎప్పుడు కొన్నారు?
2. సకగావియా చేసిన మూడు పనులు రాయండి.
3. మీ ఊరి కథని మూడు నిమిషాల పాట కడితే అందులో ఎవరిని తప్పకుండా చెప్తారు?

– 9వ తరగతి విద్యార్థిని